నవ్వించే గ్యాస్ నడక తప్పిస్తుంది: నైట్రస్ ఆక్సైడ్‌పై తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవి

బ్రిటన్‌లో చదువుకుంటున్న మన పిల్లల గదుల్లో బొటనవేలంత చిన్న స్టీలు సిలిండర్లు, పక్కనే బెలూన్లు కనిపిస్తే తేలిగ్గా తీసుకోకండి. అవి క్రీమ్ నురగ చేయడానికి అమ్మేవే. కానీ అందులోని నైట్రస్ ఆక్సైడ్‌ని కొందరు మత్తు కోసం పీలుస్తున్నారు. దీన్నే లాఫింగ్ గ్యాస్ అంటారు.

మనసుపై ప్రభావం

పీల్చిన కొన్ని సెకన్లలోనే గ్యాస్ ఊపిరితిత్తుల నుంచి మెదడుకు చేరుతుంది. ఒళ్లు తేలికైనట్టు ఉంటుంది, ఊరికే నవ్వొస్తుంది, శబ్దాలు వింతగా వినిపిస్తాయి. ఒకటి రెండు నిమిషాల్లో అంతా తగ్గిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ పీలుస్తారు. కొందరికి సంతోషం బదులు భయం, అయోమయం కలుగుతాయి.

ఒంటిపై అదుపు

మాట తడబడుతుంది, కాళ్లు తూలతాయి, చేతులు చెప్పినట్టు వినవు. ఆ స్థితిలో బండి నడిపితే ప్రమాదమే. ఆక్సిజన్ అందక స్పృహ తప్పొచ్చు, ప్రాణమూ పోవచ్చు. సిలిండర్ నుంచి నేరుగా పీలిస్తే విపరీతమైన చలికి పెదవులు, గొంతు కాలినట్టు అవుతాయి.

మరి ఆస్పత్రుల్లో ఎందుకు ఇస్తారు?

1844లో అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంత వైద్యుడు ఈ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకున్నాడు. నేటికీ పంటి చికిత్సలో, కాన్పు నొప్పులకు దీన్ని వాడుతున్నారు. అయితే డాక్టర్లు ఆక్సిజన్ కలిపి, కొలత ప్రకారం ఇస్తారు. బెలూన్‌లో ఆ ఆక్సిజన్ ఉండదు.

అసలు ముప్పు బీ12తో

ఈ గ్యాస్ ఒంట్లోని విటమిన్ బీ12ని పనిచేయకుండా చేస్తుంది. నరాలపై ఉండే పొర దెబ్బతింటుంది. ముందు కాళ్లు చేతుల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టు ఉండటం, తర్వాత చీకట్లో నడుస్తుంటే తూలడం, మెట్లు దిగలేకపోవడం. మతిమరుపు, దిగులు, లేనిపోని అనుమానాలు కూడా రావొచ్చు. ముందే బీ12 తక్కువ ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

మామూలు రక్త పరీక్షలో బీ12 సరిపోయినట్టే కనిపించొచ్చు. అందుకే గ్యాస్ పీల్చిన సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పాలి. అప్పుడే హోమోసిస్టీన్ లాంటి పరీక్షలు చేయిస్తారు. వెంటనే మానేసి బీ12 ఇంజెక్షన్లు తీసుకుంటే చాలామంది కోలుకుంటారు. ఆలస్యమైతే నడక లోపం శాశ్వతంగా మిగిలిపోవచ్చు.

చట్టం, దీన్

బ్రిటన్‌లో 2023 నవంబర్ 8 నుంచి మత్తు కోసం దీన్ని దగ్గర పెట్టుకోవడమే నేరం. గరిష్ఠంగా 2 ఏళ్ల జైలు పడొచ్చు. అమ్మితే 14 ఏళ్ల వరకు. దీన్ పరంగానూ మత్తు కలిగించేది హరామ్. అది సీసాలో ఉన్నా బెలూన్‌లో ఉన్నా మాట ఒక్కటే. చికిత్సకు డాక్టర్ ఇచ్చేది వేరే విషయం.

ఫోన్‌లో పిల్లలు "కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయి అమ్మీ" అంటే, అలసట అని వదిలేయకండి. తిట్టకుండా అడగండి. తిడితే దాస్తారు, దాస్తే చికిత్స ఆలస్యమవుతుంది.