శ్రీపురం అగ్రహారంలో ఒక సమాజశాస్త్రవేత్త

ఆంద్రే బేతే 1934లో బెంగాల్‌లోని చందన్‌నగర్‌లో పుట్టారు. అప్పటికి అది ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఊరు. తండ్రి ఫ్రెంచివాడు, తల్లి బెంగాలీ. కలకత్తాలో భౌతికశాస్త్రంతో చదువు మొదలుపెట్టి మానవశాస్త్రానికి మారారు. 1959లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎం.ఎన్. శ్రీనివాస్ సమాజశాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. అదే ఏడాది అందులో చేరిన బేతే నాలుగు దశాబ్దాలు అక్కడే పాఠం చెప్పారు.

ఆయనకు పేరు తెచ్చింది మాత్రం తంజావూరు జిల్లాలోని ఒక పల్లె. పుస్తకంలో దాన్ని 'శ్రీపురం' అన్నారు, అది మారుపేరు. కావేరి నీటితో వరి పండే ఊరు, సుమారు 350 ఇళ్లు. బ్రాహ్మణులది అగ్రహారం, బ్రాహ్మణేతరులవి వేరే వీధులు, ఆదిద్రావిడులది ఊరికి ఎడంగా ఉన్న దళితవాడ, తమిళంలో 'చేరి'. 1961-62లో అక్కడికి వెళ్లిన బేతేకు, బ్రాహ్మణుడు కాకపోయినా, అగ్రహారంలోనే బస దొరికింది. అరుదైన అవకాశమే కానీ, ఆ బసే ఆయన కాళ్లకు బంధమైంది. అగ్రహారం మనిషిగా ముద్ర పడ్డాక చేరికి స్వేచ్ఛగా వెళ్లి కూర్చునే వీలు లేకపోయింది. ఈ పరిమితిని ఆయన దాచుకోలేదు.

ఆ అధ్యయనమే 1965లో 'క్యాస్ట్, క్లాస్ అండ్ పవర్'గా వెలువడింది. పూర్వం కులంలో పైనున్నవారికే పొలం ఉండేది, ఊళ్లో వారి మాటే చెల్లేది. ఇంగ్లీషు చదువులు, ఉద్యోగాల కోసం బ్రాహ్మణ కుటుంబాలు పట్నం బాట పట్టి పొలాలు అమ్ముకోవడంతో ఈ లంకె సడలింది. ఓటు హక్కు, పంచాయతీ ఎన్నికలు, బ్రాహ్మణేతర ఉద్యమం కలిసి ఊరి పెత్తనాన్ని అగ్రహారం చేతుల్లోంచి తప్పించాయి. గుడిలో మర్యాద ఒకరిది, పంచాయతీ కుర్చీ మరొకరిది అయింది. కులాన్ని, వర్గాన్ని, అధికారాన్ని విడివిడిగా తూచే ఈ పద్ధతికి మూలం జర్మన్ పండితుడు మాక్స్ వేబర్. అయితే ఈ మార్పుల్లో లాభపడింది ఎక్కువగా నడిమి కులాలే. చేరివారు మూడు లెక్కల్లోనూ అడుగునే ఉన్నారు.

తర్వాతి రచనల్లో బేతే దృష్టి అసమానత మీదే నిలిచింది. 'ఇనీక్వాలిటీ అమాంగ్ మెన్' 1977లో వచ్చింది. రిజర్వేషన్ల విషయంలో ఆయన షెడ్యూల్డ్ కులాలు, తెగల వాదాన్ని, ఇతర వెనుకబడిన తరగతుల వాదాన్ని ఒకే గాటన కట్టలేదు. 2005లో పద్మభూషణ్ అందుకున్నారు. మరుసటి ఏడాది, కేంద్ర ఉన్నత విద్యాసంస్థల్లో ఇతర వెనుకబడిన తరగతులకు కోటా ప్రతిపాదన వచ్చినప్పుడు, జాతీయ విజ్ఞాన సంఘం సభ్యత్వానికి రాజీనామా చేశారు.