కారిస్‌బ్రూక్ కోట - దాని బావి

ఇంగ్లండు దక్షిణ తీరమున కెదురుగా, సాలెంట్ అను ఇరుకైన జలసంధి కావల, వైట్ ద్వీపము కలదు. ఉదయమున లండనులో రైలెక్కి పోర్ట్స్‌మత్ చేరి, జలసంధిని దాటిన యాత్రికుడు మధ్యాహ్నమునకు ముందే న్యూపోర్టు పట్టణమునకు పోగలడు. కోటను చూచి రాత్రికి తిరిగి రావచ్చును. దాటుటకు ఓడలే కాక హోవర్‌క్రాఫ్టు కూడ కలదు. గాలిమెత్తపై తేలిపోవు ఈ వాహనములలో మొదటి పెద్దది 1959లో ఈ ద్వీపముననే తయారైనది. విజ్ఞానశాస్త్ర విద్యార్థి దాని నెక్కి పోవుటయే ఉచితము.

న్యూపోర్టునకు సుమారు మైలు దూరమున, సుద్దరాతి గుట్టపై కారిస్‌బ్రూక్ కోట నిలిచియున్నది. 1066లో ఇంగ్లండును జయించిన పిమ్మట నార్మనులు ఇచట మట్టిదిబ్బ పోసి దానిపై బురుజు నిలిపిరి. 70కి పైగా మెట్లెక్కి పైకి పోయినచో ద్వీపము నలువైపుల కానవచ్చును. శత్రువు రాకను దూరమునుండియే చూపునట్టి ఆ యెత్తే కోటకు పెద్ద లోపము కూడ. సుద్దరాయి సచ్ఛిద్రమైనది. వాననీరు పైన నిలువక లోనికింకి, మిక్కిలి లోతున గాని చేరి నిలువదు.

ఈ లోపము 1136లో బయటపడెను. స్టీఫెన్ రాజుపై తిరుగబడిన బాల్డ్విన్ ద రెడ్వర్స్ అను ప్రభువు మొదట ఎక్సెటర్ కోటను పట్టుకొనెను. రాజు దానిని మూడు నెలలు ముట్టడించెను. తుదకు కోటను లొంగదీసినది యంత్రములు కావు, వేసవి. లోపలి బావులు ఎండిపోయెను. లోనివారు ద్రాక్షసారాతో పిండి కలిపి రొట్టెలు కాల్చుకొనిరనియు, మంటలార్పుటకును ద్రాక్షసారాయే పోసిరనియు ఆనాటి చరిత్రకారుడొకడు వ్రాసెను. అదియు అయిపోయినది. బాల్డ్విన్ వైట్ ద్వీపమునకు చేరి, కారిస్‌బ్రూక్ రాతిగోడల నమ్ముకొని పోరు సాగింపనెంచెను. కాని ఆ యెండలు ఇచటి నీటిని కూడ హరించియుండెను. అతడు లొంగిపోయి దేశము విడువవలసి వచ్చెను. ఒకే వేసవిలో ఒకే మనుష్యుని రెండు కోటలు దప్పికచే పోవుట చరిత్రలో అరుదు.

కోట ముంగిటనున్న పెద్ద బావిని ఆ తరువాత, సుమారు 1150లో, త్రవ్విరని చెప్పుదురు. దాని లోతు 161 అడుగులు, అనగా 49 మీటర్లు. ఒక రాయి ఆ లోతంతయు అడ్డులేక పడినచో 3.16 సెకండ్లు పట్టును. చప్పుడు సెకండుకు 340 మీటర్ల చొప్పున పైకి వచ్చుటకు మరి 0.14 సెకండు. వెరసి 3.3 సెకండ్లు. అడుగున నీరు నిలిచియుండును గనుక నిజముగ ఇంతకంటె తక్కువయే. చప్పుడు వినబడిన కాలమునుబట్టి నీటి మట్టమును కనుగొనుడని ఉపాధ్యాయులు ఈ లెక్కను త్రిప్పి యీయవచ్చును.

ఇంత లోతునుండి నీరు తోడుటకు 1587లో బావిపై ఇల్లు కట్టి, అందు పెద్ద కొయ్యచక్రము నమర్చిరి. దాని వ్యాసము 15 అడుగులకు పైమాట. తొలుత ఖైదీలు త్రొక్కెడివారందురు. 17వ శతాబ్ది చివరనుండి గాడిదలు ఆ పనికి వచ్చినవి. గాడిద చక్రమును లాగదు, త్రోయదు; దాని లోపల నడచును, అంతే. అడుగు ముందుకు వేయగనే అది చక్రపు అట్టడుగు బిందువునుండి కొంచెము పైకెక్కును. అప్పుడు దాని బరువు చక్రమును క్రిందికి దింపి త్రిప్పును. చక్రపు వ్యాసార్ధము ఇరుసుకంటె 4 రెట్లనియు, తొట్టి నీటితో 40 కిలోలనియు అనుకొన్నచో, ఘర్షణను విడిచిన యెడల, చక్రపు అంచున 10 కిలోల బరువు చేయు బలము చాలును. 160 కిలోల గాడిదకు ఇది 16 అడుగుల నడకకు 1 అడుగు లేచు వాలు ఎక్కుటతో సమానము. అయితే తాడు 49 మీటర్లు చుట్టుకొనుటకు అది 196 మీటర్లు నడువవలెను. బలమున మిగిలినది దూరమున చెల్లవలసినదే. తెలుగునాట మోట లాగు ఎద్దులు వాలున దిగుచు తమ బరువును తాటికి జోడించెడివి. ఈ గాడిద ఎక్కుచు అదే పని చేయును.

1647 నవంబరులో మొదటి చార్లెస్ రాజు ఇచటికి వచ్చి బందీ యయ్యెను. కిటికీ ఊచల నడుమ తల పట్టినది గనుక శరీరమును పట్టునని తలచి, 1648 మార్చిలో పారిపోజూచి ఛాతీవద్ద చిక్కుకొనెను. మే నెలలో ఊచలను ఆకురాయితోను నత్రికామ్లముతోను తెగగొట్టు ఉపాయము పన్నిరి. పలుచని నత్రికామ్లము ఇనుమును కరగించును. మిక్కిలి గాఢమైనది ఇనుముపై సన్నని పొర నేర్పరచి చర్యను ఆపివేయును. రాజుగారి మిత్రులకు ఈ రసాయనశాస్త్రము పరీక్షించు అవకాశమే కలుగలేదు. కావలివారికి ముందే తెలిసినది. 1649 జనవరి 30న లండనులో ఆయన శిరచ్ఛేదము జరిగెను.

కోటకు ఆ బావి నీటి అవసరము నేడు లేదు. అయినను చూడవచ్చినవారి కొరకు గాడిదలు ఇంకను చక్రమును త్రిప్పుచున్నవి. వాని పేర్లన్నియు ఇంగ్లీషు అక్షరమాలలోని ‘జె’తో మొదలగును, బందీయైన చార్లెస్ తన రహస్య లేఖలలో వాడిన సంకేతాక్షరమది.