జీవశిల్పము నేర్చు విద్యార్థులు

శక్తిని సంపాదించుట యొక విద్య. ఆ శక్తిని ఎవరి కొరకు, ఎవరి సమ్మతితో వినియోగింపవలెనో ఎరుగుట వేరొక విద్య. మొదటిదానికి కళాశాలలు పెక్కులు గలవు. రెండవదానికి మిక్కిలి తక్కువ. ఇటీవల విద్యార్థులు జీవకణములనే పనిముట్లుగా చేసికొనుచున్నారు గనుక, ఈ రెండవ విద్య చరిత్రమును సంగ్రహముగా మా చదువరుల ముందుంచుచున్నాము.

ఒక జీవి జన్యువును వేరొక జీవిలో చేర్చు ప్రయోగములలో కొన్నింటిని తాత్కాలికముగా మానుడని 1974లో పాల్ బర్గ్ మొదలగు అమెరికా శాస్త్రజ్ఞులు తోడివారిని కోరిరి. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని అసిలొమార్ అను చోట సుమారు 140 మంది కూడి, ఏ ప్రయోగమున కెంత కట్టుదిట్టము కావలెనో నిర్ణయించిరి. తమ చేతులను తామే కట్టుకొన్న ఆ పండితులు ప్రశంసార్హులు. కాని సభలోనివారు దాదాపుగా అందరును శాస్త్రజ్ఞులే. ప్రయోగశాల ప్రక్కవీధిలో కాపురమున్న గృహస్థుని మాట అచట వినబడలేదు.

ఆ మాట 1976లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి నగరమున వినబడెను. హార్వర్డు విశ్వవిద్యాలయము అట్టి ప్రయోగములకు ప్రత్యేకశాలను నిర్మింపబూనగా, నగరాధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ వెల్లూచి శాస్త్రజ్ఞులను పురపాలక సభలో ప్రశ్నించెను. అపాయకరములని తోచిన ప్రయోగములు కొన్ని నెలలు నిలిచెను. ఆ పరిశోధనలతో సంబంధము లేని నగరవాసుల సంఘమొకటి విషయమును శ్రద్ధగా అభ్యసించి, తగిన కట్టుబాట్లతో పని సాగవచ్చునని చెప్పెను. 1977లో నగరశాసనము పుట్టెను. సామాన్యులకు శాస్త్రము బోధపడదనువారికి ఈ సంఘమే సమాధానము.

అదే నగరమున, ఎం.ఐ.టి. అను విద్యాలయములో, 2003 జనవరిలో ఒక చిన్న పాఠముగా ఐజెమ్ అను విద్యార్థిపోటీ అంకురించెను. 2004లో 5 జట్లు, 2005లో 13 జట్లు వచ్చెను. తరువాత వాని సంఖ్య 300 దాటెను. తాపీపనివాడు ఇటుకలు పేర్చునట్లు, విద్యార్థులు డి.ఎన్.ఏ. ఖండములను కూర్చి సూక్ష్మజీవులకు క్రొత్త పనులు నేర్పుదురు. తమ పనివలన లోకమునకు కలుగు మేలుకీడులను విచారించుట కూడ క్రమముగా పోటీలో భాగమాయెను.

ఆ విచారము ఏల కావలెనో ఒక్క ఉదాహరణము చాలును. 2006లో ఎడింబరో విశ్వవిద్యాలయపు జట్టు త్రాగునీటిలోని ఆర్సెనిక్కును కనిపెట్టు సూక్ష్మజీవిని రూపొందించెను. శంఖపాషాణమను విషమునకు మూలమైన ధాతువిదియే. నీటిలో అది యున్నచో సూక్ష్మజీవి ఆమ్లమును పుట్టించును. అందువలన సూచకద్రవ్యపు రంగు మారును. ప్రపంచారోగ్యసంస్థ సూచించిన హద్దు లీటరుకు 10 మైక్రోగ్రాములు మాత్రమే.

బంగ్లాదేశమునకు ఈ ఆపద దయగలవారి చేతులమీదుగానే వచ్చెను. చెరువునీరు త్రాగి బిడ్డలు అతిసారముచే మరణించుచుండగా, 1970 తరువాత యునిసెఫ్ మొదలగు సంస్థల సాయముతో గొట్టపుబావులు విరివిగా త్రవ్వించిరి. ఆ నీటిలో ఆర్సెనిక్కు కలదేమోయని నాడు పరీక్షింపలేదు. 1993లో నిజము బయటపడెను. పిమ్మట విషపు బావులకు ఎర్రరంగును, మంచి బావులకు ఆకుపచ్చరంగును పూసిరి. ఎర్రబావి గల ఇంటి ఇల్లాలు మరునాడు కడవతో ఎచటికి పోవలెను? పొరుగువారు తమ బావినీటిని ఇత్తురా? ఒంటిపై మచ్చలు పడిన కన్యను ఎవరు పెండ్లాడుదురు? సజీవమైన సూక్ష్మజీవులు గల పరీక్షసీసా పల్లెలో పగిలినచో బాధ్యులెవరు? మార్చిన జీవులను ప్రయోగశాల వెలుపల విడువరాదని పోటీ నియమమే శాసించుచున్నది. కావున ఉపాయము కనుగొన్న దినముననే పని ముగియదు.

ఈ ధర్మవిచారము పతకము కొరకు చేయు తంతుగా మారుచున్నదని కొందరందురు. ఆ భయము నిరాధారము కాదు. నాలుగు ప్రశ్నలడిగి, తమకు నచ్చిన జవాబులను వ్రాసికొని వచ్చుట సులభము. విచారము నిజమైనదో కాదో తెలిసికొనుట కొక్కటే గుర్తు: ఇతరుల మాట విన్న తరువాత విద్యార్థి తన పనిలో ఏమైన మార్చుకొనెనా? మార్పు లేనిచో అతడు వినలేదనియే మా తలంపు.

మన బిడ్డలును ఈ విద్య నేర్చుచున్నారు. వారు సెలవులకు ఇంటికి వచ్చినపుడు మార్కుల సంగతి తరువాత అడుగుదము. నీవు చేయు వస్తువు ఎవరి ఇంటికి పోవును, వారిని అడిగితివా యని ముందుగా అడుగుదము. జీవశాస్త్రము చదువని తల్లియు ఈ ప్రశ్న అడుగగలదు.