డీజిల్ పికప్పు బండి: బలమునుండి సౌకర్యమునకు

అమెరికా దేశపు కర్షకుడు తన మోటారుకారు వెనుకభాగమును తొలగించి, అచట కొయ్యపెట్టె నొకదానిని బిగించుకొని పంటను సంతకు చేరవేసికొనుచుండిన కాలమున, ఆ పెట్టెను కర్మాగారముననే అమర్చి యిచ్చుట లాభకరమని గ్రహించిన ఫోర్డు కంపెనీవారు 1925లో తమ టి-మోడలు కారునకు ఉక్కుతొట్టిని జతపరచి 281 డాలర్లకు విక్రయింపసాగిరి. అది పనిముట్టు, పనిముట్టునుండి పనిని దప్ప సుఖమును ఎవ్వరును కోరలేదు.

డీజిల్ యంత్రము ఈ బండిని చేరుటకు మరి అర్ధశతాబ్దము పట్టెను. 1978లో జనరల్ మోటార్సువారు ఓల్డ్స్‌మొబైల్ శాఖ రూపొందించిన 5.7 లీటర్ల యంత్రమును పికప్పులలో నమర్చిరి గాని, పెట్రోలు యంత్రపు అమరికనే యనుసరించిన దాని హెడ్డు బోల్టులు డీజిలునకు సహజమైన అధికసంపీడనమునకు తాళజాలక పోవుటచే, జనులకు ఆ యంత్రముపైననే కాక డీజిలుపైనను విశ్వాసము సడలెను. 1983లో ఫోర్డువారు ఇంటర్నేషనల్ హార్వెస్టరువారి 6.9 లీటర్ల యంత్రమును దెచ్చి ఆ విశ్వాసమును కొంత నిలిపిరి. అసలు మలుపు 1989లో వచ్చినది. ఇండియానా రాష్ట్రమందలి కొలంబసు పట్టణపు కమిన్సు కంపెనీవారు పొలముపనులకును పరిశ్రమలకును ఉద్దేశించిన ఆరు సిలిండర్ల 5.9 లీటర్ల యంత్రమును డాడ్జి పికప్పు స్వీకరించెను. దాని అశ్వశక్తి 160 మాత్రమే. కాని చక్రమును త్రిప్పు బలము, అనగా టార్కు, 400 పౌండు-అడుగులు. దాని ధ్వని కర్ణకఠోరము. అయినను ఆ ధ్వనినే అలంకారముగా భావించు భక్తులు నేటికిని కలరు!

పిమ్మట 1994లో నావిస్టారువారి 7.3 లీటర్ల పవర్‌స్ట్రోకు ఫోర్డునందును, 2001లో ఇసుజువారి సాహచర్యమున ఒహాయోలోని మొరైనునందు నిర్మితమైన డ్యూరమాక్సు జనరల్ మోటార్సు బండ్లయందును వెలసి, త్రిముఖమైన స్పర్ధ ఏర్పడెను. 2019లో రామ్ బండి (పూర్వపు డాడ్జి) 1000 పౌండు-అడుగుల టార్కును అందుకొనెను.

అయితే ఈ బలమే కొన్ని క్లేశములను గూడ వెంటబెట్టుకొని వచ్చినది. నేడు సౌకర్యములని మనము పొగడువానిలో పెక్కు ఆ క్లేశములకు చేసిన చికిత్సలే. బండి నేలనుండి ఎంతగా ఎత్తైనదనగా, ప్రాయపువాడు సైతము తొట్టిలోనికి ఎక్కుటకు చక్రమును పట్టుకొని ప్రాకవలసి వచ్చెను. అందులకు ఫోర్డువారు వెనుకతలుపులోనుండి బయటకు జారు మెట్టును, దానికి చేయూతగా నిలువు కడ్డీని కల్పించిరి, జనరల్ మోటార్సు శాఖయైన జి.ఎమ్.సి.వారు 2019లో లోపలి తలుపు మడతపడి మెట్టుగా మారు యుక్తిని పన్నిరి. రామ్‌వారు తలుపును నిలువున రెండుగా చీల్చి, కవాటములవలె ప్రక్కకు తెరచుకొని తొట్టిని సమీపించు వీలు కలిగించిరి.

ట్రైలరును వెనుకకు నడుపుట మరియొక క్లేశము. స్టీరింగు ఎటు త్రిప్పిన ట్రైలరు దానికి విరుద్ధదిశకు మొగ్గుననుట నేర్చినవారికి గాని అలవడదు. ట్రైలరు పోవలసిన దిక్కునకే త్రిప్పదగిన చిన్న బుడిపెను ఫోర్డువారు 2016 నాటి ఎఫ్-150 పికప్పులో ప్రవేశపెట్టి, తరువాత బరువు బండ్లకును విస్తరింపజేసిరి. చలి మూడవ క్లేశము. చలిదినములలో సిలిండర్లను వేడిచేయు గ్లో ప్లగ్గులు వేడెక్కువరకు ఎదుటి దీపము ఆరుటకై నిరీక్షించుట పాత డీజిలు బండ్లవారికి అలవాటు. కమిన్సు యంత్రమున 2024 నమూనావరకు ఆ ప్లగ్గులకు మారుగా లోనికి వచ్చు గాలినే వేడిచేయు జాలకము ఉండెడిది. 2010 నాటి కాలుష్యనిబంధనలచే యూరియా ద్రవపు తొట్టి యొకటి అదనముగా చేరెను. అందలి ద్రవము సుమారు -11 డిగ్రీల సెల్సియసుకడ గడ్డకట్టును గనుక, ఆ తొట్టికిని వేడిచేయు సాధనము వలసెను. ఒక చికిత్స మరియొక చికిత్సను కోరుట యన నిదియే!

ఈ సాధనములన్నిటిలో నాకు ఉత్తమముగా తోచునది అతి సామాన్యమైనది. జనరల్ మోటార్సువారు 2014 నుండి వెనుక బంపరు రెండు మూలలయందును కాలు మోపుటకు వదలిన గుంట అది. దానికి విద్యుత్తు లేదు, మర లేదు, చెడుటకు భాగమే లేదు. బురద బూటుతోనైనను, చేత బరువుతోనైనను ఎక్కవచ్చును. మూడు కంపెనీల బండ్లను సరిపోల్చదలచువారు టార్కు అంకెలను చూచుటకు పూర్వము, ఖాళీ బండి తొట్టిలోనికి ఒకమారు ఎక్కి దిగి చూచుట మేలు.