తవుడు ఎటు పోయింది?

బెజవాడలో ఆరోగ్యం మాటెత్తితే ఒకటే కథ: పూర్వం మనవాళ్లు జొన్నలూ కొర్రలూ తిని ఉక్కుముక్కల్లా ఉండేవారు; హరిత విప్లవం వచ్చి తెల్లన్నం అంటగట్టింది; షుగరు పట్టుకుంది. కృష్ణా డెల్టా మట్టుకు ఈ కథలో వందేళ్లు గల్లంతయ్యాయి.

బెజవాడ దగ్గర కృష్ణపై కట్టిన ఆనకట్ట సంగతి తెలిసిందే. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసిన కరువు, ఆర్థర్ కాటన్ వాదన, కెప్టెన్ ఓర్ చేతిమీదుగా 1852లో మొదలై 1855లో ముగిసిన కట్టడం. కాలువ పారినచోటల్లా వరి వచ్చింది, మెట్టపంటలు వెనక్కి తగ్గాయి. హరిత విప్లవపు వరి వంగడం ఐఆర్-8 అడుగుపెట్టేనాటికి డెల్టా అన్నానికి అలవాటుపడి తరాలు గడిచాయి. అయితే మొదట అది దంపుడు బియ్యం; తవుడు కొంతైనా గింజను అంటిపెట్టుకునేది.

అసలు మలుపు మిల్లు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మరపట్టిన తెల్లబియ్యం మామూలైంది. ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో, బెరిబెరి పాతుకుపోయింది: కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నీరు పడుతుంది, గుండె నీరసిస్తుంది. తమిళ సీమలోనూ మిల్లులున్నాయి, అక్కడెందుకు అంతగా లేదు? కూనూరు పోషకాహార పరిశోధనాలయంలో ఆక్రాయిడ్ బృందం 1940లో దీన్నే చర్చించింది. తమిళులది ఉప్పుడు బియ్యం. నానబెట్టి ఉడికించేటప్పుడే బి1 విటమిను గింజలోకి ఇంకుతుంది. మనకు ఆ వాసన గిట్టదు, పచ్చిబియ్యమే కావాలి. దానికితోడు మన వంట. బియ్యం తెల్లనీళ్లు వచ్చేదాకా కడగడం, ఎసట్లో ఉడికించి గంజి వార్చడం. ఆ కడుగూ గంజీ కుడితి గోళెంలోకి, మిల్లు తవుడూ అందులోకే. బియ్యంలో సారమంతా గేదె పాలైంది.

అలాగని నేరమంతా మిల్లుమీద వేయలేం. పప్పు పుష్కలంగా తినే ఇంట అదే బియ్యం అంత కీడు చేయదు. పచ్చడి మెతుకులతో సరిపెట్టుకునే కూలికి చేస్తుంది. పైగా ఆ మిల్లే ఆడవాళ్ల చేతిలోంచి రోకలి దింపింది. దంపుడు బియ్యాన్ని కీర్తించే పెద్దమనుషులు దంచిందెవరో చెప్పరు.

బెరిబెరి వేరు, షుగరు వేరు, నిజమే. కానీ ఆ తెల్లన్నమే తిన్న తరం మోకాలిలోతు బురదలో నాట్లు వేసింది, కోసింది, కుప్పలు నూర్చింది. ఇప్పుడు కోతకు యంత్రం, పక్క వీధికి బండి. అన్నం కుప్ప మాత్రం పెద్దగా తరగలేదు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి సన్నగింజ కంచంలో ఇంకో ముద్దకు చోటిచ్చింది.

ఇక నేటి వైద్యాలు. కృష్ణ ఒడ్డున ఉండవల్లిలో మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి వైద్య ఆశ్రమం ఉప్పూ నూనే వద్దంది. ఇదే బెజవాడ నుంచి వీరమాచనేని రామకృష్ణ అన్నం మానేసి కొబ్బరినూనె తాగమన్నారు. కొందరికి బరువు తగ్గిందంటే కాదనను. కానీ రెండూ తిండిని దీక్షగా మార్చాయి; దీక్ష విరమించాక ఏం తినాలన్నదే అసలు చిక్కు. షుగరు మందులు వాడేవారు డాక్టరును అడక్కుండా ఇలాంటివాటిలో దిగడం మరీ ప్రమాదం. 2025లో వెలువడిన ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం చెప్పింది చప్పగా ఉంటుంది: మన శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాలదే; ఒక ధాన్యం తీసి మరొకటి పెడితే చాలదు, మొత్తంమీద పిండి తగ్గి పప్పు, పాలు పెరగాలి.

ఇప్పుడు చిరుధాన్యాలనూ మరపట్టి పైపొర తీసి అమ్ముతున్నారు. కొర్రలు కిలో ఎంతని అడిగేవాళ్లే గానీ, తవుడు ఉంచారా తీశారా అని అడిగేవాళ్లు నాకింకా తారసపడలేదు.