పడుకుని కార్చేది, లేచి పోసేది

«పడుకుని కార్చేది వేరు, లేచి పోసేది వేరు. నీళ్లు ఆపకు, శాంపిల్ మరవకు, తడి నిలవనీయకు, లిఫ్టు దాకా ఆగమనకు.»

ఇంట్లో కుక్కకి మూత్రం ఆగనప్పుడు పశువైద్యులు చెప్పే జాగ్రత్తలన్నీ గుదిగుచ్చితే ఈ ముక్కలే. గుదిగుచ్చింది నేనే కాబట్టి వ్యాఖ్యానం బాధ్యతా నాదే. సైబర్ టవర్స్ చుట్టూ లేచిన అపార్ట్‌మెంట్లలోకి బుజ్జి పిల్లలుగా వచ్చిన లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు ఇప్పుడు ముసలివవుతున్నాయి. ఈ మాటలతో హైదరాబాద్ మాదాపూర్‌లో చాలా ఇళ్లకి పని పడుతుంది.

పడుకుని కార్చేది: మధ్యాహ్నం సోఫా పక్కన ఒళ్లు మరిచి నిద్రపోతుంది. లేచి వెళ్లాక చూస్తే పడుకున్నచోట అరచేతంత తడి. వెనక కాళ్ల మధ్య వెంట్రుకలు అట్టకట్టి ఉంటాయి. అదేమో నీళ్ల గిన్నె దగ్గర తోకాడిస్తూ నిలబడుతుంది. జరిగిందేమిటో దానికి తెలియనే తెలియదు. తెలియని పనికి తిట్టేం లాభం?

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించిన ఆడకుక్కల్లో ఇది ఎక్కువ. అండాశయాలు తీసేశాక ఈస్ట్రోజెన్ పడిపోతుంది, మూత్రనాళాన్ని బిగించి ఉంచే కండరం సడలుతుంది. వాషరు అరిగిన కుళాయిలాగా, పగలు ఎలాగో ఆగినా నిద్రలో పట్టు వదిలేస్తుంది. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకే రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. 20 కిలోలు దాటే జాతుల్లో, ఒళ్లు చేసినవాటిలో మరీ ఎక్కువ. అలాగని ఆపరేషనే తప్పనే వాదన నాకు నచ్చదు. గర్భసంచిలో చీము పట్టి ప్రాణం మీదికి వచ్చే జబ్బుతో పోలిస్తే ఈ తడి చిన్న విషయం.

దీనికి మందుంది. ఫినైల్ ప్రొపనాలమిన్ ఆ కండరాన్ని బిగిస్తుంది, ఎస్ట్రియాల్ హార్మోన్ లోటు తీరుస్తుంది. చాలా కుక్కలకి గుణం కనిపిస్తుంది, కానీ మందు ఆపితే తడి మళ్లీ మొదలవుతుంది. మొదటి మందు రక్తపోటు పెంచుతుంది కనుక గుండె, కిడ్నీ చూడకుండా మొదలుపెట్టరు. ఇంట్లో ఉన్న జలుబు బిళ్ల సగం విరిచి వేయడం లాంటి ప్రయోగాలు వద్దు. మన బిళ్లల్లో కుక్కకి విషమయ్యేవి ఉంటాయి.

పిల్లగా ఉన్నప్పటి నుంచే చుక్కలు కారుతుంటే కథ వేరు. కిడ్నీ నుంచి వచ్చే గొట్టం మూత్రాశయంలోకి కాకుండా దాన్ని దాటి కిందకి తెరుచుకుని ఉండొచ్చు. హస్కీ, గోల్డెన్, లాబ్రడార్ పిల్లల్లో ఈ అనుమానం ముందు రావాలి. దానికి సర్జరీ అవసరమవుతుంది.

లేచి పోసేది: చాలావరకు తెలిసే పోస్తుంది, ఆపుకోలేక పోస్తుంది. కొంచెం కొంచెంగా మాటిమాటికీ వెళ్తూ, ముక్కుతూ, రంగు ఎర్రబడితే ఇన్ఫెక్షనో రాళ్లో. మగకుక్కైతే ప్రోస్టేట్ కూడా చూడాలి. మనల్ని చూడగానే ఒదిగిపోయి రెండు చుక్కలు వదిలే పిల్లది భయపడుతోంది, అంతే. ముసలిది హాల్లో గోడకేసి చూస్తూ నిలబడి అక్కడే పోసేస్తే మతిమరుపు కావచ్చు, కుక్కలకీ ఆ జబ్బుంది. వెనక కాళ్లు ఈడుస్తూ పోస్తే వెన్నుపూస చూపించాలి. ఆ రకంలో మూత్రాశయం నిండి పొర్లుతుంది. దాన్ని చేత్తో నొక్కి ఖాళీ చేయించడం డాక్టరు దగ్గరుండి నేర్పితేనే చేయాలి.

నీళ్లు ఆపకు: కారుతోందని గిన్నె తీసేసేవాళ్లు ఉన్నారు. ఇంతకంటే చెడ్డ పని లేదు. కిడ్నీ జబ్బో షుగరో ఉంటే కుక్క నీళ్లతోనే బండి లాగిస్తుంటుంది. తీసేయొద్దు, కొలవండి. పొద్దున కొలిచి పోసి, మర్నాడు మిగిలింది తీసేస్తే లెక్క తేలిపోతుంది. మామూలుగా కిలో బరువుకి రోజుకి 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది, ఎండాకాలం ఇంకాస్త. 100 దాటితే జబ్బుని అనుమానించాలి. అంటే 25 కిలోల లాబ్రడార్ రోజూ రెండున్నర లీటర్లకి పైగా తాగుతుంటే ఆ అంకె డాక్టరుకి చెప్పాలి. దురదకో కీళ్లకో స్టెరాయిడ్ వాడుతుంటే అదీ చెప్పండి. ప్రెడ్నిసొలోన్ వేసుకున్న కుక్క తెగ తాగి తెగ పోస్తుంది.

శాంపిల్ మరవకు: పొద్దున్నే మొదటిసారి పోసేటప్పుడు, కాస్త పోశాక, పొడుగు కాడ గరిటె కింద పెడితే చాలు. ఆ మూత్రాన్ని శుభ్రమైన డబ్బాలో పోసి గంటలోపు డాక్టరుకి ఇచ్చేయాలి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, అత్తగారికి చెప్పి మరీ. కల్చర్‌కి మాత్రం డాక్టరే పొట్టలోంచి సూదితో తీసిన నమూనా మేలు.

తడి నిలవనీయకు: ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్న వైద్యమంతా ఇదే.

ముందు పడక. కింద రబ్బరు షీటు, పైన పాత చీరల బొంత, మార్చుకోవడానికి ఇంకో రెండు. ఖరీదైన ఫోమ్ పరుపు కొనకండి, లోపల పీల్చుకుని ఆరదు. జాలీ ఉన్న చిన్న మంచమైతే తడి కిందికి దిగిపోతుంది, ఒళ్లు పొడిగా ఉంటుంది.

డైపర్ బయటికి వెళ్లేటప్పుడు, రాత్రికి సాయం. దాన్నే నమ్ముకుని రోజంతా ఉంచితే పుండ్లు పడతాయి. మూడు నాలుగు గంటలకోసారి మార్చాలి. పొద్దున తొమ్మిదికి కట్టి మైండ్‌స్పేస్‌లో ఆఫీసుకి వెళ్లి రాత్రి ఎనిమిదికి విప్పే పద్ధతి ఆ కుక్కకి శిక్ష. మధ్యలో వచ్చి మార్చే మనిషిని పెట్టుకోవాలి. చిన్నపిల్లల డైపరుకి తోక కంత కోసినా పనికొస్తుంది. మగవాటికి నడుము చుట్టూ పట్టీ వస్తుంది.

తొడల లోపల, తోక కింద వెంట్రుకలు పొట్టిగా కత్తిరించండి. గోరువెచ్చని నీళ్లతో కడిగి, పాత పంచె గుడ్డతో అద్దండి, రుద్దొద్దు. చంటిపిల్లలకి రాసే జింక్ క్రీము రాయొద్దు. నాకితే జింక్ ఒంట్లోకెళ్లి విషమవుతుంది. వానాకాలంలో రోజూ వేలితో వెంట్రుకలు పాయలు తీసి చూడాలి. తడిసిన చర్మం మీద ఈగ వాలి గుడ్లు పెడితే చూస్తుండగానే పురుగు పడుతుంది.

నేలకి ఫినాయిల్ కొడితే వాసన పోయేది మన ముక్కుకే. అమ్మోనియా ఉన్న క్లీనరు ఇంకా అధ్వానం, కుక్కకి అది మూత్రంలాగే తోస్తుంది. మళ్లీ అక్కడే పోస్తుంది. ఎంజైమ్ క్లీనర్ తెచ్చుకోండి.

లిఫ్టు దాకా ఆగమనకు: ఈ ముక్క మాదాపూర్‌దే. పద్దెనిమిదో అంతస్తులో తలుపు తీసి, లిఫ్టు పిలిచి, అది ప్రతి ఫ్లోర్‌లో ఆగుతూ దిగి, గేటు దాటేసరికి ముసలిదాని ఓపిక అయిపోతుంది. బాల్కనీలో గడ్డి ట్రే పెట్టండి. వయసుతో సంబంధం లేదు, నేర్చుకుంటుంది. నిద్ర లేవగానే, తిన్నాక, పడుకోబోయే ముందు తీసుకెళ్లండి. నున్నటి విట్రిఫైడ్ టైల్స్ మీద కాళ్లు జారి లేవలేక కూడా చాలా కుక్కలు పడుకున్నచోటే పోస్తాయి. పాత యోగా మ్యాట్లు పడక నుంచి బాల్కనీ దాకా పరిస్తే కొన్ని ఇళ్లలో సగం సమస్య తీరుతుంది.

లిఫ్టులో తడి పడితే అసోసియేషన్‌లో గొడవ ఖాయం. పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు, లిఫ్టు ఎక్కనీయకుండా ఆపే హక్కు నివాసుల సంఘాలకి లేవని భారత జంతు సంక్షేమ మండలి 2015 మార్గదర్శకాల్లో చెప్పింది. హక్కు ఉంది సరే, లిఫ్టు ఎక్కేముందు డైపరు కట్టడం, చేతిలో ఒక గుడ్డ ఉంచుకోవడం మన వంతు. విసిగిపోయి దుర్గం చెరువు పక్కన వదిలేద్దామనే ఆలోచన వస్తే, తిండీ నీళ్లూ లేక బాధపడేలా జంతువుని వదిలేయడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమని గుర్తుంచుకోండి.

కారడం గురించి ఇంత చెప్పాను కానీ, అసలు భయపడాల్సింది కారకపోతే. మాటిమాటికీ ముక్కుతూ బొట్టు కూడా రాకపోతే, పొట్ట బిగిసిపోతే, వాంతులు మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మిగతావాటికి నారాయణగూడ ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఎక్కడికి వెళ్లినా నీళ్ల లెక్క రాసిన కాగితం, కుక్క పోసేటప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో వెంట ఉంచుకోండి.