నష్టం ఎవరి ఖాతాలో?

మునిసిపల్ మార్కెట్టుకు రాబడి చాలకపోతే, ప్రజాధనం దండగ, మూసివేయండి అంటారు. ఆ నష్టం ఎట్లా వచ్చిందో అడగరు. అమెరికాలోని సియాటిల్ చరిత్ర చూద్దాం. దళారుల చేతుల్లో ఉల్లి ధర మండిపోగా, రైతు నేరుగా అమ్ముకొనేందుకు నగరపాలకులు 1907లో పైక్ ప్లేస్ మార్కెట్టు తెరిచారు. 1942లో ప్రభుత్వం జపాన్ సంతతి రైతులను నిర్బంధ శిబిరాలకు తరలించింది. అనేక అంగళ్లు ఖాళీ అయినవి. ఆపైన సూపర్ మార్కెట్ల పోటీ. చివరకు, శిథిలమైనది కనుక పడగొట్టాలన్నారు! 1971లో ప్రజలు ఓటు వేసి కాపాడుకున్నారు. 2008లో మరమ్మతులకు 7 కోట్ల 30 లక్షల డాలర్ల ఆస్తిపన్ను భారానికి సమ్మతించారు. రైతును తరిమిన ప్రభుత్వమే మార్కెట్టు క్షీణతకు ఒక కారణమైనప్పుడు, ఆ లోటును కేవలం వ్యాపార నష్టంగా వ్రాయడం ఏమి న్యాయం? దళారి నుండి విముక్తికి ప్రజలు చెల్లించే మూల్యం దండగ ఎట్లా అవుతుంది?